బొబ్బలెక్కిన చేతులు: విశ్వాసం, సత్‌క్రియల గురించి మన సంఘ చరిత్ర



పోయిన నెలలో ఒక బుధవారం కూడికలో ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం ధ్యానించాం. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా వచ్చింది, మన పనులకు దొరికిన జీతం కాదు, కాబట్టి ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు అని 8, 9 వచనాల దగ్గర చెప్పి 10వ వచనంతో ముగించాం. కూడిక అయ్యాక ఒక యౌవనస్థుడు వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సికింద్రాబాదు జనరల్ బజారులో బట్టల కొట్లో పనిచేస్తాడు, రెండు రోజుల సెలవుకు ఊరొచ్చాడు. "అయ్యగారూ, విశ్వాసం ముందా, మంచి పనులు ముందా?" అని అడిగాడు. మేము యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీసి చూపించి, చెట్టు ముందు, కాయ తర్వాత అని ఒక ఉపమానం చెప్పి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపేశాం.

ఇంటికొచ్చాక పాస్టరమ్మ అన్నం వడ్డిస్తూ, "ఆ అబ్బాయి అడిగిందొకటి, మీరు చెప్పిందొకటి" అంది. ఆ అబ్బాయి తల్లి ఆమెతో చెప్పుకుందట. కొట్లో తోటి పనివాళ్ళు ఎప్పుడూ అదే మాట అంటున్నారట: మీ తాతలు కరువులో దొరలు పోసిన గంజికి ఆశపడి కలిసినోళ్ళే కదా, మీకు భక్తి ఎక్కడిది అని. అంటే వాడు అడిగింది లూథరు గురించి కాదు, తన తాత గురించి. గంజి ముందొచ్చి విశ్వాసం తర్వాత వస్తే, ఆ విశ్వాసం నిజమైనదేనా అని అడిగాడు. మేము చెట్టు, కాయ చెప్పి పంపించాం!

అందుకే ఈసారి వాక్యంతో పాటు చరిత్ర కూడా రాస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వాక్యం దగ్గర మొదలుపెడదాం. పౌలుకు, యాకోబుకు గొడవ ఉందని చాలామంది అనుకుంటారు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. పౌలు రోమా 4లో చూపించేది ఆదికాండము 15వ అధ్యాయంలోని అబ్రాహామును: కొడుకు లేడు, ఆస్తికి వారసుడు లేడు, రాత్రివేళ బయట నిలబడి నక్షత్రాలు చూస్తూ దేవుని మాట నమ్మాడు. ఆ రోజు ఆయన చేసిన పని ఏదీ లేదు. యాకోబు చూపించేది 22వ అధ్యాయంలోని అబ్రాహామును: ఇస్సాకు పుట్టి పెరిగాక, మోరీయా కొండ ఎక్కుతున్న ముసలివాణ్ణి. ఈ రెండు అధ్యాయాల మధ్య ఎన్నో సంవత్సరాలు గడిచాయి. నమ్మిన రోజు ఒకటి, ఆ నమ్మకం చేతుల్లోకి, కాళ్ళల్లోకి దిగిన రోజు ఇంకొకటి. పౌలు మాట్లాడుతున్నది తన పనుల్ని దేవుని ముందు లెక్కగట్టి చూపించేవాడితో. యాకోబు మాట్లాడుతున్నది ఆకలితో వచ్చినవాడికి నాలుగు తియ్యటి మాటలు చెప్పి వట్టి చేతులతో పంపేవాడితో. రోగాలు వేరు కాబట్టి మందులు వేరు.

లూథరు కాలంలో రోగం మొదటిది. పాపక్షమాపణ పత్రాలు డబ్బుకు అమ్ముతున్న రోజులవి. 1517లో ఆయన దాని మీద లేచాడు. ఆ పోరాటపు వేడిలో, 1522లో తన కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. తర్వాతి కాలపు ముద్రణల్లో ఆ మాట లేదు. ఆ 1522లోనే రోమా పత్రికకు రాసిన ముందుమాటలో మాత్రం, నిజమైన విశ్వాసం ఊరికే కూర్చోలేదని, ఎవరూ చెప్పకముందే మేలు చేస్తూ పోతుందని రాశాడు. ఈ రెండో సంగతి మన ప్రసంగాల్లో ఎక్కువ వినిపించదు, ఎందుకో!

ఆ రోమా ముందుమాటను 1738 మే 24 రాత్రి లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికలో ఎవరో చదువుతుంటే విన్నవాడు జాన్ వెస్లీ. ఆయన కథ మనకు చాలా అవసరం, ఎందుకంటే ఆయనది తలకిందుల కథ. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడే స్నేహితులతో కలిసి ఉపవాసాలు చేశాడు, జైళ్ళకు వెళ్ళి ఖైదీలను పరామర్శించాడు, తన ఖర్చు తగ్గించుకుని బీదలకు ఇచ్చాడు. క్రియలు బోలెడు. క్రీస్తు తన పాపాలు క్షమించాడన్న నిశ్చయం మాత్రం ఆ మే నెల రాత్రిదాకా లేదు. నిశ్చయం వచ్చాక ఏం చేశాడు? జైళ్ళకు వెళ్ళడం మానలేదు. పూర్తి విశ్వాసం వచ్చేదాకా మంచి పనులు, ప్రభువు బల్ల అన్నీ ఆపి ఊరుకోవాలని బోధించినవాళ్ళు ఆ రోజుల్లో ఉన్నారు. 1740లో వెస్లీ వాళ్ళ దగ్గర్నుంచి విడిపోయాడు. 1743లో తన సంఘాలకు నియమాలు రాసినప్పుడు, కీడు చేయకూడదు, చేతనైనంత మేలు అందరికీ చేయాలి, ప్రార్థన, వాక్యం, ప్రభు సంస్కారం విడిచిపెట్టకూడదు అని మూడు పెట్టాడు.

ఆ నియమాల సంచి భుజాన వేసుకుని వచ్చినవాళ్ళే సికింద్రాబాదుకు వచ్చిన వెస్లియన్ మిషనరీలు.

మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. అది బ్రిటిషు సైన్యం దిగిన కంటోన్మెంటు. 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఇప్పటికీ ఉంది. సెమినరీ చదువు రోజుల్లో మేము ఆదివారం సాయంత్రాలు ఆ దారిన నడిచేవాళ్ళం. దాన్ని కట్టింది దొరల కోసం, సైన్యం కోసం. గోడకవతల గుర్రాలకు గడ్డి మోసేవాళ్ళు, నీళ్ళు తోడేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు తెలుగువాళ్ళు. వాళ్ళకు తెలుగులో సువార్త చెప్పి సంఘాలు కట్టే పని స్థిరంగా మొదలవడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్ళ సంఘం 1875లో ఏర్పడింది. 1880 నాటికి వెస్లియన్ల పక్షాన విలియం బర్జెస్ దొర వచ్చాడు. లోపల పాట పాడుతూ అరవై ఏళ్ళు గోడకవతలకు చూడకపోవడాన్ని యాకోబు ఏమనేవాడో మీరే ఊహించుకోండి.

1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే యువకుడు సికింద్రాబాదులో దిగాడు. మొదటి పని తిరుమలగిరిలో బ్రిటిషు సిపాయిలకు పరిచర్య. జీతం, బంగళా, ఇంగ్లీషులో ప్రసంగం, అంతా సుఖమే. ఏడాది తిరగకముందే పల్లెల వైపు తిరిగి మెదకు చేరాడు. అక్కడ ఆయన చేసిన పనులన్నీ చెబితే ఈ వ్యాసం చాలదు. మనందరికీ తెలిసిన ఒక్కటే చెబుదాం. 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదకు పెద్ద గుడి. శిఖరం 175 అడుగులు. ఐదు వేలమంది కూర్చుని ఆరాధించే చోటు. మధ్యలో యుద్ధం, కరువు. ఆకలితో వచ్చిన జనానికి ఊరికే గంజి పోసి పంపకుండా, పని ఇచ్చి తిండి పెట్టారు. రాయి మోశారు, సున్నం కలిపారు, ఆ కూలితో పిల్లలను బతికించుకున్నారు.

ఇదిగో, ఇక్కడే ఆ కొట్టు పనివాళ్ళ ఎగతాళి పుట్టింది. "గుడి కట్టారు, గంజి తాగారు, కలిశారు." మన ముసలివాళ్ళు కూడా ఈ కథను గొప్పగానే చెబుతారు గానీ, ఆ మూడింటికి మధ్య ఏం జరిగిందో ఎవరూ ఆగి చెప్పరు. దాన్ని సరిగ్గా చూడాలంటే మెదకు కంటే నలభై ఏళ్ళు వెనక్కి, నిజాం రాజ్యం దాటి ఒంగోలు వెళ్ళాలి. సికింద్రాబాదులో బాప్టిస్టు సంఘాన్ని నాటిన ఆ తెలుగు మిషనే ఒంగోలులో కూడా ఉంది. అక్కడ ఇదే ప్రశ్న ఇంకా పెద్దగా, ఇంకా భయంకరంగా లేచింది. అప్పుడు ఒక మనిషి చేసిన పని కాగితం మీద తేదీలతో సహా మిగిలింది.

ఆయన జాన్ ఎవరెట్ క్లౌ దొర. 1866లో ఒంగోలు చేరాడు. ఆ ఏడాదే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు పేరయ్య. సువార్త కూడా ఆ దారుల వెంటే తిరిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: కరువుకు పదేళ్ళ ముందు సంగతి ఇది. గంజి లేదు, కూలి లేదు. ఊళ్ళో తిట్లు, దెబ్బలు ఉన్నాయి. అయినా కరువు వచ్చేనాటికి ఆ ప్రాంతంలో వేలమంది విశ్వాసులు ఉన్నారు.

1876లో వానలు పోయాయి. 1878 దాకా మద్రాసు రాష్ట్రమంతా, నిజాం రాజ్యంలో కూడా, జనం ఎండిపోయిన చెరువుల పక్కన, రోడ్ల మీద పడి చనిపోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడికి వెళ్ళిన మాదిగలకు తిట్లు, కొట్లు తప్ప సరైన కూలి దక్కడం లేదని క్లౌ దొరకు తెలిసింది. ఆయన అమెరికాలో సర్వే పని చేసినవాడు, గొలుసు పట్టి నేల కొలవడం వచ్చు. వేదాంతం చదివిన మనలాంటివాళ్ళకు చేతకాని పని అది. సుమారు మూడున్నర మైళ్ళ కాలువను తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్క సువార్తికుడి కింద వందమంది దాకా మట్టి పని. పగలు పార, గంప. మధ్యాహ్నం చెట్టు కిందో, సాయంత్రం గుడిసెల దగ్గరో ఆ మేస్త్రీ నోటనే యేసు మాట. ప్రయాసపడి భారం మోసేవాళ్ళను తన దగ్గరకు రమ్మన్న ప్రభువు పిలుపు నిజంగా తల మీద మట్టిగంప మోస్తున్నవాళ్ళు విన్నారు. అది మత్తయి 11లో ఉంది. మేము ఎన్నోసార్లు ఫ్యాను కింద నిలబడి దాని మీద ప్రసంగించాం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. కరువు సాయం తన చేతుల మీదుగా పోతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనని గట్టిగా నిలబడ్డాడు. పదిహేను నెలలు! మిషనరీ అన్నవాడు అమెరికాకు లెక్క పంపాలి, ఎంతమంది చేరారని అక్కడ అడుగుతారు. పదిహేను నెలలు ఆ గడిలో సున్నా రాసుకున్నాడు. కూలి మాత్రం ఆపలేదు. నమ్మినవాడికీ, నమ్మనివాడికీ పార ఒకటే, కూలి ఒకటే.

కాలువ పని ముగిసింది. సాయం డబ్బు అయిపోయింది. 1878 వేసవిలో జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి చేరారు. ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళండని దొర చెప్పాడు. మాకు సాయం వద్దన్నారు వాళ్ళు. చేతులు చాపి బొబ్బలు చూపించారు. ఇప్పటిదాకా కష్టపడి తిన్నాం, ఇక మీదటా కష్టపడతాం, మళ్ళీ పంట పోతే చచ్చిపోతాం, చావడం క్రీస్తువారిగానే చస్తాం, మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నది వాళ్ళ మాటల సారం. 1878 జూలై 3న, ఒక్క రోజున, ఆ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. దొర తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది.

ఆ 2,222 అన్న అంకె మన కన్వెన్షన్లలో చాలాసార్లు విన్నాం. చెప్పేవాళ్ళంతా దాన్ని ఉజ్జీవం అని చెబుతారు, చప్పట్లు కొడతాం. దాని వెనకున్న పదిహేను నెలల సున్నాలు చెప్పినవాళ్ళు మాకు తక్కువమందే తగిలారు. మాకు మాత్రం ఆ సున్నాలే ఎక్కువ ఇష్టం. ఆ సున్నాలు లేకపోతే 2,222 మీద ఈనాటికీ ఎవడైనా వేలెత్తి చూపించేవాడు. కూలి ఇచ్చే చెయ్యీ, బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒక్కసారి చాపకుండా ఆపుకున్నాడు కాబట్టి, వచ్చినవాళ్ళు దేనికోసం వచ్చారో వాళ్ళకే తేటగా తెలిసింది.

అయితే ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. అన్నిచోట్లా అంత జాగ్రత్త జరిగిందని మేము చెప్పం. కరువులో ఆదరించిన చేతిని చూసి ఆ చేతి వెనకున్న దేవుణ్ణి నమ్మినవాళ్ళూ ఉంటారు. అది తప్పా? యోహాను 6లో రొట్టెలు తిని వెంటపడిన జనాన్ని ప్రభువు మందలించాడు, నిజమే. కానీ ముందు రొట్టె పెట్టాడు. మందలిస్తానని తెలిసే పెట్టాడు. వాళ్ళు తర్వాత వెళ్ళిపోతారని తెలిసీ పెట్టాడు. ఇంకో సంగతి, మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టినవాడు ఊరబావి దగ్గర నిలబడలేని రోజుల్లో, ఒకడు వచ్చి నువ్వూ దేవుని పోలికలో పుట్టినవాడివే అని పక్కన కూర్చుంటే, ఆ మనిషి కదిలిపోవడాన్ని గంజికి ఆశపడటం అనేవాడు ఎప్పుడూ ఆ బావి దగ్గర దూరంగా నిలబడి ఎదురుచూసి ఉండడు.

1930లలో గాంధీగారు తన హరిజన్ పత్రికలో ఈ ప్రశ్ననే మిషనరీలను అడిగారు. మీ బడి, మీ ఆసుపత్రి నిజంగా సేవ అయితే దాని వెనక మతంలోకి తెచ్చే ఉద్దేశం ఎందుకు అన్నది ఆయన వాదన. మనవాళ్ళు కొందరు ఆ మాటకు కోపగించుకుంటారు. మేము కోపగించుకోం, ఎందుకంటే క్లౌ దొర దాన్ని గాంధీగారి కంటే అరవై ఏళ్ళ ముందే తనను తాను అడుక్కున్నాడు. కానీ గాంధీగారి లెక్కలో ఒకటి తగ్గింది. ఆయన ఇచ్చేవాడి ఉద్దేశాన్నే చూశారు. తీసుకున్నవాడు తర్వాత ఏం చేశాడన్నది చూడలేదు.

తీసుకున్నవాళ్ళు ఏం చేశారో చెప్పడానికి దోర్నకల్ చాలు. 1912లో బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. తమిళుడు, మన తెలుగు పల్లెల్లో సేవ చేశాడు. ఆయన అధ్యక్షమండలంలో సంఘస్తులు ఎక్కువమంది కూలినాలి చేసుకునే మాలలు, మాదిగలు. వాళ్ళకు నేర్పిన అలవాటు పిడికెడు బియ్యం. తల్లి పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. అదే బోధకుడి పోషణ, అదే సువార్త పని. బియ్యం కోసం కలిశారని లోకం అన్న మనుషులే, సగం కడుపుతో ఉన్న ఇళ్ళల్లోంచి, రోజూ బియ్యం ఇచ్చారు! ఎవరికి ఎవరు బియ్యం పెట్టారో ఆ కొట్టు పనివాళ్ళు ఒకసారి లెక్క చూసుకోవాలి. 1939 జనవరిలో ప్రతిష్ఠ అయిన దోర్నకల్ గుడి రాళ్ళలో అలాంటి ఇళ్ళ కానుకలు ఉన్నాయి. తాగుడు మానారు, చచ్చిన గొడ్డు మాంసం మానారు, పిల్లలను బడికి పంపారు. ఆ మార్పు చూసి చుట్టుపక్కల ఇతర కులాల రైతులు కూడా ఏమిటా దేవుడని విచారించడానికి వచ్చారు. యాకోబు అడిగిన సాక్ష్యం అదే.

మన పక్క జిల్లా కథ ఒకటి కూడా చెప్పకుండా ఉండలేం. డాక్టరు ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండు ఆమె, భర్త జార్జి కెర్ వెస్లియన్ మిషను తరఫున 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాదులో కుష్ఠురోగుల గతి చూసి ఆమె తట్టుకోలేకపోయింది. వాళ్ళకు ఒక ఆశ్రమం కావాలి, డబ్బు లేదు. ఇచ్చింది ఎవరనుకున్నారు? నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆ పని పెరిగి 1915లో డిచ్‌పల్లిలో పెద్ద ఆసుపత్రి అయింది. చాల్‌మూగ్రా నూనె మందు సూదులతో, తిండితో, పనితో రోగులు కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. మా సెమినరీలో దీని మీద పెద్ద వాదన నడిచింది. విశ్వాసం లేనివాడి మంచి పనికి దేవుని దగ్గర విలువ ఉందా అని. గట్టి సిద్ధాంతం పట్టుకున్నవాడు లేదన్నాడు. ఇంకొకడు కొర్నేలి పేరు ఎత్తాడు: అపొస్తలుల కార్యములు 10లో, పేతురు వచ్చి సువార్త చెప్పకముందే, అతని ధర్మకార్యాలు దేవుని సన్నిధికి చేరాయి కదా అని. రాత్రి పదకొండు దాటినా తెగలేదు. మాకిప్పుడు ఇరవై ఏళ్ళ సేవ తర్వాత అనిపించేది ఇంతే: రక్షణ విషయం దేవునిది, అందులో వేలు పెట్టం. నర్సాగౌడ్‌గారు ఇచ్చిన డబ్బుతో ఎన్ని పుండ్లకు కట్టు కట్టారో, వాటిలో క్రీస్తు పుండ్లు ఉన్నాయని మత్తయి 25 చెబుతోంది. ఆయనకు మాత్రం కృతజ్ఞత చెప్పక తప్పదు.

ఈ విశ్వాసం, క్రియల తగాదా మీద విడిపోయిన సంఘాలు మళ్ళీ కూర్చోవడానికి చాలా కాలం పట్టింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, రోమన్ కతోలికులు ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. నీతిమంతులుగా తీర్చబడటం కృప వల్లనే, మన యోగ్యత వల్ల కాదు, ఆ కృప మనలను సత్‌క్రియలకు సిద్ధపరుస్తుంది అని దాని భావం. 2006లో ప్రపంచ మెథడిస్టులు కూడా చేరారు. మన పల్లెల్లో కతోలిక సంఘస్తులకూ మనకూ పెళ్ళిళ్ళ దగ్గర ఇంకా నడుస్తున్న గొడవ చూస్తే ఆ కాగితం మన మండలానికి ఇంకా చేరినట్టు లేదు.

ఇక మా తప్పు చెప్పాలి. ఇన్ని సంగతులు తెలిసినవాళ్ళం కాబట్టి చెప్పకుండా తప్పించుకోలేం.

2020 లాక్‌డౌనులో నగరం నుంచి ఒక దాత మన ఊరికి సరుకుల సంచులు పంపాడు. పది కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. పంపుతూ ఒక మాట చెప్పాడు: మందిరం ముందు బ్యానరు కట్టి, ఒక్కొక్కరికి ప్రార్థన చేసి, సంచి చేతికిస్తూ ఫోటో తీసి పంపాలని, అలా అయితేనే ఇంకో విడత వస్తుందని. మేము కాదనలేదు. ఊళ్ళో ఆకలి ఉంది, సంచులు వస్తున్నాయి, ఫోటో అయితే ఏమైందనుకున్నాం. అన్ని కులాలవాళ్ళనీ పిలిచాం కదా, ఇంకేం కావాలనుకున్నాం. వరుసలో ఒక పెద్దాయన ఉన్నాడు, గొర్లు కాసుకునేవాడు, మన సంఘస్తుడు కాదు. తన వంతు వచ్చింది. బ్యానరు చూశాడు, ఫోను పట్టుకున్న పిల్లవాణ్ణి చూశాడు, మమ్మల్ని చూశాడు. సంచి కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు.

చీకటి పడ్డాక ఆ సంచి మేమే మోసుకుని ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన భార్య తీసుకుంది. పెద్దాయన మంచం మీంచి లేవకుండా, "అయ్యా, ఫోటో వద్దా?" అన్నాడు. వద్దన్నాం. "మరి పొద్దున ఎందుకు కావాల్సొచ్చింది?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. క్లౌ దొర పదిహేను నెలలు ఆపుకోగలిగిన చెయ్యి మేము ఒక్క పూట ఆపుకోలేకపోయాం. ఆ పొద్దున తీసిన ఫోటోలు మొత్తం దాతకు పంపించాం కూడా. రెండో విడత వచ్చింది. ఆ పెద్దాయన ఇప్పటికీ మందిరం దారిన గొర్లు తోలుకుపోతాడు, నమస్కారం పెడతాడు, ఆగడు.

ఆ యౌవనస్థుడికి మొన్న ఫోను చేశాం. బుధవారం సరిగ్గా చెప్పలేదు నాయనా, క్షమించమన్నాం. మీ తాత సంగతి మేము ఎరుగుదుం అని చెప్పాం. ఆయన మందిరానికి ఇరవై నాలుగేళ్ళు పెద్దగా ఉన్నాడు, జీతం లేదు. బోరు పోయిన ఏడాది తన ఎద్దుబండి మీద ఊరందరికీ, అన్ని వాడలకూ, నీళ్ళు తోలాడు. ఈ మాట మన సంఘంలో పెద్దవాళ్ళు ఇంకా చెబుతారు. వాళ్ళ తాత కరువులో గంజి తాగాడో లేదో మనకు తెలియదు. తాగి ఉంటే దేవునికి స్తోత్రం, తాగబట్టే మీరున్నారు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యగారూ, నీళ్ళ బండి సంగతి మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. ఈసారి వచ్చినప్పుడు ఆ బండి చక్రం చూపిస్తాం అన్నాం. మందిరం వెనక ఇంకా పడి ఉంది.

సంఘ పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాం. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి మళ్ళీ పిడికెడు బియ్యం మొదలుపెడుతున్నాం. దూరాన ఉన్నవాళ్ళు ఆ పూట బియ్యం ఖరీదు పక్కన పెట్టి ఊరికి వచ్చినప్పుడు తెచ్చి వేయండి. డబ్బా మందిరం లోపల కాకుండా బయట వేపచెట్టు అరుగు మీద పెడతాం. మూతకు తాళం ఉండదు. వేసేవాళ్ళు వేయవచ్చు, కావాల్సినవాళ్ళు తీసుకోవచ్చు. ఎవరు వేశారు, ఎవరు తీసుకున్నారు అని రాసే పుస్తకం పెట్టడం లేదు, ఫోటోలు తీయడం లేదు. చీమలు పట్టకుండా చూసుకునే బాధ్యత స్త్రీల సమాజం ఒప్పుకుంది.